అత్త నోట్లో 'నా'

మా అత్తకి కోపం వస్తే మాట పూర్తయ్యేది కాదు. కోపం రాని రోజు లేదు కాబట్టి ఆవిడ నోటి నుంచి నిండు వాక్యం విన్నవాళ్ళు తక్కువ. "మీ అత్త సగం చెబుతుంది, మిగతా సగం నేను ఊహించుకోవాలి. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇది నా రెండో ఉద్యోగం" అనేవాడు మామయ్య. మొదటి ఉద్యోగం బస్సు నడపడం. అందులో జనం ఎక్కడ దిగాలో కాస్త స్పష్టంగానే చెబుతారట.

అత్త మా నాన్నకి చెల్లెలు. కింది వాటాలో మేము, పై వాటాలో వాళ్ళు. ఆవిడ యూనిఫారాలు కుట్టే ఒక చిన్న కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసింది. డాక్టర్ల తెల్లకోట్లు, వంటవాళ్ళ కోట్లు, హోటల్లో గదులు శుభ్రం చేసేవాళ్ళ గౌన్లు కుట్టేవాళ్ళక్కడ. నేలకింద ఒక పొడవాటి గది. గోడకి పైయెత్తున రెండు కిటికీలు. వాటిలోంచి వీధిలో నడిచేవాళ్ళు మోకాళ్ళ కిందనుంచే కనిపించేవాళ్ళు. పది మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గది చివర కటింగ్ బల్ల. పనివాళ్ళు తలో చోటు నుంచి వచ్చినవాళ్ళు, ఎవరి భాష వాళ్ళది. మేం వచ్చి స్థిరపడ్డ ఆ పరాయి దేశంలో ఊరి భాష అందరికీ పదో పాతికో మాటలు వచ్చు. అత్తకి అవీ రావు.

"బట్టకి భాషేమిటే? కొలత చూపిస్తే కుడతాను. కుట్టింది చూపిస్తే వాళ్ళకి తెలుస్తుంది. మధ్యలో మాటెందుకు?" అనేది నాతో.

ఎందుకో తెలిసేసరికి ఒక మనిషి బొటనవేలు వంగకుండా పోయింది.

అత్తకి ఒక కత్తెర ఉండేది. పందొమ్మిదో ఏట మొదటిసారి పనికి కుదిరినప్పుడు కొనుక్కున్నది. నల్ల పిడి, పిడికి చుట్టిన గుడ్డపీలిక. బట్ట తప్ప ఇంకేదీ దానితో కత్తిరించకూడదు. కాగితం కత్తిరిస్తే పదును చచ్చిపోతుంది. ఇంట్లో మేమెవరం దాని దరిదాపుల్లోకి వెళ్ళినా "నా!" అని చెయ్యి అడ్డం పెట్టేది. నాది అనాలి. 'ది' దాకా వెళ్ళే ఓపిక ఆవిడ కోపానికి ఉండేది కాదు.

కంపెనీలో పాత కటింగ్ మాస్టరు మానేశాక ఆ బల్ల తనకే వస్తుందని అత్త ఏడాది పాటు ఎదురుచూసింది. రాలేదు. బయటినుంచి కొత్త మనిషిని తెచ్చారు. తాడిచెట్టంత ఆడమనిషి, కత్తిరించిన పొట్టి జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళద్దాలు. ఆమె భాష రష్యన్. అత్త ఆమెకి తొలి గంటలోనే 'పొడుగావిడ' అని పేరు పెట్టింది. మధ్యాహ్నానికి అది 'పొడుగుది' అయింది.

ఆ మధ్యలో జరిగింది ఇది. పొడుగావిడ కాగితం మీద కోటు నమూనా గీసుకుంది. కత్తిరించడానికి కత్తెర కోసం చుట్టూ చూసింది. దగ్గర్లో ఉన్నది అత్త మిషను. ఆమె చూపు కత్తెర మీద పడటం అత్త చూసింది. చటుక్కున దాన్ని గుప్పిట్లోకి తీసుకుని, ఎత్తి పట్టుకుని, "నా!" అంది.

పొడుగావిడ నవ్వింది. వచ్చి, తల వంచి ఏదో గొణిగి, అత్త చేతిలోంచి కత్తెర మెల్లగా తీసుకుని వెళ్ళిపోయింది.

అత్త నోటికి మళ్ళీ అదే మాట వచ్చింది. "నా! నా! నా!" అని ఆమె వెనకే నడిచింది. పొడుగావిడ వెనక్కి తిరిగి మళ్ళీ నవ్వి, కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితం కత్తిరించడం మొదలుపెట్టింది. కరకరమని ఆ చప్పుడు తన పళ్ళలో వినిపించిందని అత్త ఆ సాయంత్రం మాకు చెప్పింది.

"అంత మొహం మీద అరిచినా దానికి చీమ కుట్టినట్టైనా లేదు. నవ్వుతుందే! నా కత్తెరతో కాగితం కోస్తూ, నన్ను చూసి నవ్వుతుంది!"

"కత్తెర తిరిగి ఇచ్చిందా మరి?" అన్నాడు మామయ్య.

"ఇచ్చింది. దాని పదును ఎవరిస్తారు?"

ఆ రోజునుంచి ఆ గదిలో యుద్ధమే. అత్త పొడుగావిడ కుర్చీ కాళ్ళ కింద నూలుపోగులు ఊడ్చి పోసేది. ఆమె కిటికీ తెరిస్తే ఈవిడ లేచి మూసేది. కటింగ్ బల్ల నుంచి వచ్చిన ముక్కల్లో దారమంత తేడా ఉన్నా కొలత టేపుతో సహా పట్టుకెళ్ళి సూపర్వైజరు ముందు పరిచేది.

సూపర్వైజరమ్మకి అత్తంటే ముందే గిట్టదు. ఆమెది హిందీ. ఊరి భాషలో చెప్పి చూసి, విసుగొస్తే హిందీలోకి దిగేది. అత్తకి రెండూ ఒకటే. ఒక శనివారం ఆమె వంటవాళ్ళ కోట్ల గుట్ట తెచ్చి అత్త మిషను పక్కన పడేసి, కాజాలు చూపించి, అత్తని చూపించి ఏదో అడిగింది. అత్త గుండెల మీద చెయ్యి వేసుకుని "నా?" అంది. ఇవన్నీ నావేనా అని. సూపర్వైజరమ్మ మొహం మాడిపోయింది. గట్టిగా మళ్ళీ అడిగింది. "నా? నా?" అని అత్త కూడా గొంతు పెంచింది. ఆమె విసురుగా కోట్లన్నీ ఎత్తుకుపోయి ఇంకొకరికి ఇచ్చి, తన పుస్తకంలో ఏదో రాసుకుంది. పని అడిగితే దొరకదు, అడగకపోతే రాసుకుంటారు, ఇదెక్కడి గోల అని అత్త కారాలు మిరియాలు నూరింది.

ఇక యాపిల్ సంగతి. పొడుగావిడ రోజూ టీ వేళకి ఒక యాపిల్ పండు తెచ్చుకుని చిన్న చాకుతో ముక్కలు కోసుకునేది. ఒకరోజు అత్త దగ్గరికి వచ్చి, ఒక ముక్క చాకు మొన మీద పెట్టి ముందుకి చాపి, "నా" అంది.

అత్త ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. "నా మాట పట్టుకుని నన్నే వెక్కిరిస్తోందే! ముక్క నా మొహం ముందు ఆడించి 'నాది' అంటుంది! నేనడిగానా దాని యాపిలు? ఏడాదికోసారి తింటాను, అదీ జ్వరమొస్తే!"

"ఆమెకి తెలుగెలా వచ్చు అత్తా?"

"నేను రోజుకి వందసార్లు అంటుంటే రాదా? చిలక్కి వస్తుంది."

పొడుగావిడ అలా పదిరోజులు చేసింది. పది రోజులూ అత్త వీపు తిప్పుకుంది. పదకొండో రోజునుంచి పొడుగావిడ నవ్వడం మానేసింది. చూపులో కూడా తేడా వచ్చిందని అత్తే చెప్పింది, గెలిచినట్టుగా. "ఇప్పుడు బయటపడింది అసలు రంగు."

ఏడు నెలలు ఇలా నడిచాక ఒక మంగళవారం పొద్దున్న అత్త కత్తెర మిషను మీంచి జారి కింద పడింది. పోయి పోయి కటింగ్ బల్ల కింద ఆగింది. పొడుగావిడ వంగి తీసింది. కత్తెర అందించే పద్ధతి తెలిసిన మనిషి కనుక అంచులు తన అరచేతిలో మూసి పట్టుకుని, పిడి అత్త వైపు చాపి, మొహం పక్కకి తిప్పుకుని, "నా!" అంది.

అత్తకి అరికాలి మంట నెత్తికెక్కింది. నా కత్తెర నా ఎదురుగా పట్టుకుని 'నాది' అంటుందా అని పిడి పట్టుకుని బలమంతా పెట్టి లాగేసింది.

ఎదురుగా బల్ల మీద డాక్టర్ల కోట్ల కోసం పరిచిన తెల్లగుడ్డ ఉంది. ముందు దాని మీద చుక్కలు పడ్డాయి. తర్వాత చుక్కలు కావు. గుండీలు కుట్టే కొరియా ఆమె ఒక్క దూకున వచ్చి ఆ గుడ్డనే చింపి పొడుగావిడ చేతికి బిగించి కట్టింది. అత్త కత్తెర పట్టుకుని నిలబడిన చోటే నిలబడిపోయింది. ఇస్త్రీ చేసే ఆయన వచ్చి దాన్ని ఆవిడ వేళ్ళలోంచి ఒలిచి తీసుకోవలసి వచ్చింది.

ఆరు కుట్లు పడ్డాయి. బొటనవేలి మొదట్లో నరం తెగిందన్నారు.

నాలుగో రోజు యజమాని గదిలో విచారణ. అత్త తరఫున మాటలు చెప్పడానికి నన్ను రమ్మన్నారు. నేనప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర ముందు బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగంలో ఉండేదాన్ని. వాచిన దవడలతో జనం ఏం చెప్పినా అర్థం చేసుకోవడం నా పని. అందుకని ఇదీ చేయగలననుకున్నాను. అటువైపు పొడుగావిడ, పక్కన ఆమె భర్త. పియానోలు బాగుచేసే మనిషి, ఊరి భాష నాకంటే చక్కగా మాట్లాడతాడు. ఆమె కట్టుకట్టిన చేతిని బల్ల మీద పెట్టి, మా అందరికీ కనిపించేలా కూర్చుంది.

ముందు ఆయన చెప్పాడు. తన భార్య మొదటి రోజున ఈవిడ కత్తెర ఇస్తే ఎంతో సంతోషించిందట. కొత్తచోట ఒక మంచి మనిషి దొరికిందని ఇంటికొచ్చి చెప్పిందట. అందుకే యాపిల్ ఇవ్వబోయిందట, ఒకసారి కాదు, పదిసార్లు. ఆ రోజు కూడా కింద పడిన కత్తెర తీసి మర్యాదగా అందిస్తూ, తీసుకోమని చెప్పిందట. ఈవిడ కోసేసింది.

నేను తెలుగులో చెబుతుంటే అత్త కుర్చీలోంచి లేచింది. "అబద్ధం! నేనెప్పుడిచ్చాను? నాది నాది అని గొంతు చించుకున్నాను. తీసుకోమని అది ఎప్పుడంది? 'నా' అంది! అందరూ విన్నారు!"

నాకు అప్పుడు చిన్న అనుమానం వచ్చింది. ఆయన్ని అడిగాను. "మీ భాషలో 'ఇదిగో, తీసుకో' అనడానికి ఏమంటారు?"

"నా" అన్నాడాయన.

"మా భాషలో దాని అర్థం 'నాది' అని" అన్నాను.

సూపర్వైజరమ్మ పుస్తకం తిరగేయడం ఆపింది. "కాదు, వద్దు అని కదా?" అంది. తన భాషలో అంతే మరి. శనివారం కోట్ల మాట నాకు గుర్తొచ్చింది. నాకు నవ్వు వచ్చింది. పెదవులు బిగించినా ఆగలేదు, పైకే నవ్వేశాను. యజమాని కూడా పెన్సిలు నోట్లోంచి తీసి నవ్వబోయి ఆగిపోయాడు. పొడుగావిడ నన్నే చూస్తోంది. భర్త ఆమె చెవిలో సంగతంతా చెప్పాడు. ఆమె విని, నవ్వలేదు. కట్టు ఉన్న చేతిని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ నవ్వుని వెనక్కి తీసుకునే దారి నాకిప్పటికీ దొరకలేదు.

అత్తని పనిలోంచి తీయలేదు. గట్టిగా హెచ్చరించి, ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇక మీదట గదిలో ఎవరూ ఆ మాట అనకూడదని సూపర్వైజరమ్మ నోటిమాటగా హుకుం జారీ చేసింది. మర్నాడు గదంతా అదే చర్చ. గుండీల ఆమె తన గుండె మీద వేలు పెట్టుకుని, మా దాంట్లో అది 'నేను' అని చూపించిందట. ఇస్త్రీ ఆయనది స్వాహిలీ. రెండు వేళ్ళు జతచేసి, అది లేకపోతే రెండు వస్తువుల్ని కలిపి చెప్పలేమన్నాడట. ఏ ఒక్కరూ ఆ హుకుం ఒక పూటైనా పాటించలేకపోయారు.

"నా నోట్లోంచి 'నా' తీసేస్తే ఇంకేం మిగుల్తుంది, పళ్ళు తప్ప?" అంది అత్త. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది.

"ఏడు నెలలు! గదిలో ఇంతమంది ఉన్నారు. ఒక్కళ్ళైనా చెప్పొచ్చు కదా?"

"నువ్వు ఎవర్నైనా అడిగావా?" అన్నాడు మామయ్య.

అత్త కంచం ముందు నుంచి లేచిపోయింది. నాలుగు రోజులు ఆయనతో సగం మాటలు కూడా లేవు.

రెండు నెలలకి పొడుగావిడ తిరిగొచ్చింది. కుడి బొటనవేలు కర్రలా నిలబడి ఉంది. పెద్ద కత్తెర పట్టలేదు కనుక గుండీల వైపు కూర్చోబెట్టారు. కటింగ్ బల్ల అత్తకిచ్చారు. ఏడాది ఎదురుచూసింది ఇలా చేతికొచ్చింది. ఆవిడ సంతోషించలేదనను. మొదటిరోజు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళింది.

మూడో వారం డాక్టర్ల కోట్లు. గుడ్డ ఎనిమిది పొరలు పరిచి చేతులు కత్తిరించాలి. ఆ గుడ్డకి ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండో వైపు గరుకు. పొరలు మొహమొహాలు కలిసేట్టు పరిస్తే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి జతలుగా వస్తాయి. అత్త తొందరలో అన్నీ నిగనిగలాడే వైపు పైకే పరిచింది. ఎదురుగా గుండీలు కుడుతున్న పొడుగావిడ తల ఎత్తి చూసింది. పరిచిన గుడ్డ వైపు చూసింది, అత్త వైపు చూసింది, సూదిలోకి దారం ఎక్కించుకుంది. అత్త ఐదుసార్లు పరిచి ఐదుసార్లు కోసింది. నలభై చేతులు. కుట్టడానికి మిషన్ల మీదకి వెళ్ళాక తెలిసింది, నలభయ్యీ ఎడమచేతులే.

సూపర్వైజరమ్మ గొంతు వీధిలో నడిచే కాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. అత్తని మళ్ళీ మిషను దగ్గరికి తోసేశారు.

ఆ సాయంత్రం అత్త మెట్ల మీదే కూర్చుండిపోయింది, పైకి వెళ్ళలేదు. నేను టీ తెచ్చి ఇచ్చాను.

"అది చూసిందే. మొదటి పొరకే తెలిసుంటుంది దానికి. ఒక్క దగ్గు దగ్గితే చాలు, నేను చూసుకునేదాన్ని. చూసి ఊరుకుంది."

"ఎంత కుళ్ళు అత్తా ఆమెకి!"

అత్త టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, "నేనైనా అదే చేసేదాన్ని" అంది. అది పూర్తి వాక్యం. అందుకే నాకు గుర్తుండిపోయింది.

పొడుగావిడ ఏం చేసిందంటే, ఎడంచేతివాటం వాళ్ళ కత్తెర ఒకటి తెప్పించుకుని, టీ వేళల్లో చెత్తముక్కల మీద కోయడం నేర్చుకుంది. ఏడాది పట్టింది. వంకరలు పోయేది, విసిరికొట్టేది, మళ్ళీ తీసుకునేది. చివరికి తన బల్ల తను తీసేసుకుంది. ఇద్దరూ అదే గదిలో, ఇరవై అడుగుల దూరంలో, ఉప్పూ నిప్పూలాగే ఉన్నారు. ఆమె కోసిన గుడ్డ అత్త మిషను కిందికే వచ్చేది. దారమంత తేడా కూడా ఉండేది కాదని అత్త పళ్ళు కొరుక్కుంటూ చెప్పేది.

ఆ చెయ్యి తెగాక మూడో చలికాలం. పని అయ్యాక కోట్లు తగిలించే కొయ్యల దగ్గర ఇరుకు. అత్త వెనకాల నిలబడి ఉంది, ముందు పొడుగావిడ. ఆమె తప్పుకుంటే గానీ అత్తకి తన కోటు అందదు. 'కదలదేం ఈ తాడిచెట్టు' అని తొంగి చూస్తే, ఆమె తన కోటు పై గుండీ పెట్టుకోవడానికి అవస్థ పడుతోందట. కుడిచెయ్యి పట్టడం లేదు. కాలరు పళ్ళతో లాగి పట్టుకుని ఎడంచేత్తో తోస్తోంది. గదిలో తయారయ్యే కోట్లకి కాజాలు కుట్టే మనిషి అత్త. ఆ గుండీ కాజాలోకి వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి చూసిందట.

ఇంటికొచ్చి నన్ను పిలిచింది. "ఏమే, దాని భాషలో తప్పయింది, క్షమించమని ఎలా అంటారు?"

కనుక్కుని చెప్పాను. 'ఇజ్వినీచ్యే' లాంటిదేదో. అత్త నోటికి అది ఎముకలా అడ్డం పడింది. ఐదు రోజులు ఇస్త్రీ చేస్తూ, గిన్నెలు తోముతూ అదే గొణిగింది. మామయ్య పక్కగదిలోంచి "ఎవర్నో తిడుతోందా?" అని అడిగాడు నన్ను.

ఆరో రోజు టీ వేళ అత్త కటింగ్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయట. అత్త చెప్పింది. పొడుగావిడ కళ్ళద్దాలు దించి చూసింది. తల అడ్డంగా ఊపింది. అత్త వెనుదిరగబోతుంటే, ఆమె ఆ మాటనే నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా పలికింది, తప్పు పలికావు, ఇలా అనాలి అన్నట్టు. అత్త మళ్ళీ అంది. ఆమె మళ్ళీ సరిదిద్దింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది కాబోలు, పొడుగావిడ ఒక్కసారి తలాడించి, కళ్ళద్దాలు పెట్టుకుని గుడ్డ మీదికి వంగింది. అంతే.

"క్షమించిందా లేదా?" అని అడిగాను.

"ఏమో! పంతులమ్మలాగా పాఠం మాత్రం చెప్పింది. పొగరు ఎక్కడికి పోతుంది?"

ఆ తర్వాత అత్త మరో నాలుగేళ్ళు అక్కడ పనిచేసింది. ఆ ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. కళ్ళకి శుక్లాలు వచ్చాక మానేసింది. ఆఖరి రోజున గదిలో అందరూ చుట్టూ చేరారు. పొడుగావిడ బల్ల దగ్గరనుంచి కదలలేదు, కోస్తూనే ఉంది. ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఆమె పేరెత్తితే, "ఆ దిక్కుమాలిన దాని ఊసు నా దగ్గరొద్దు" అంటుంది అత్త.

మొన్న ఆవిడ కళ్ళలో చుక్కలు వేస్తుంటే, ఉన్నట్టుండి, "దానికి మోకాలి ఆపరేషన్ అయిందిట. మళ్ళీ పనికి వస్తోందిట" అంది.

"ఎవరికి అత్తా? ఎవరు చెప్పారు నీకు?"

"చుక్కలు సరిగ్గా వెయ్యి, చెంప మీద పడుతున్నాయి" అంది.